గుంట తడి

పొందూరులో మా ఇంటికి మేడ లేదు గానీ
కింద ఒక గది ఉంది.
నా నడుం వరకే పడతాను అందులో.
కాళ్ళు దానివి, మిగతా నేను పైన.
మగ్గం గుంట.

అక్టోబరు ముసురు మూడో రోజు
తొక్కుడు చెక్క మీద కాలేస్తే
చెక్క తేలింది.
"ఓలమ్మ, గుంట తడిసిపోనాది!" అని అరిచాను.
పక్కింటి పారమ్మ తువ్వాలుచ్చుకుని పరిగెత్తుకొచ్చింది,
మా వైపు గుంటంటే ఆడపిల్ల కూడా మరి.
వచ్చి, చూసి, మూతి తిప్పి,
ఆ తువ్వాలుతోనే నీళ్ళద్ది బయట పిండింది
గంటసేపు.

చామంతి గుమ్మంలో కూర్చుని
వాలుగ చేప దవడతో దూది దువ్వుతోంది.
"ఇన్నాళ్ళబట్టి పళ్ళు మన దగ్గరున్నాయి గదా,
చేపేదని అడగడానికి వచ్చుంటాది నీరు" అంది.
నాకు నవ్వు రాలేదు.
పడుగు ఇంకా పదకొండు గజాలుంది.

పోయినేడు నేనే పూశాను, లోపల్నుంచి.
కొట్టువాడిచ్చిన పాలలాంటి డబ్బా సిమెంటులో కలిపి.
మాఘం దాటకుండానే అప్పడంలా ఉబ్బి
గోరు పెడితే ఊడొచ్చింది.

ఈసారి తవిటయ్య మేస్త్రిని పిలిచాను.
గుంటలోకి దిగి ముందు గోడని వాసన చూశాడు.
గుడ్డతో ఒత్తి ఒత్తి ఆరబెట్టాడు.
జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగంచులా అంటించి
"రేపొస్తాను" అని వెళ్ళిపోయాడు.
ఆ రోజుకి కూలి కూడా అడగలేదు.

తెల్లారి చూస్తే చెమట బొట్లు
కాగితం వెనక.
"సూసినావా, ఇది గాలి తడి కాదు. మన్ను ఏడుస్తంది.
దాని కళ్ళు తుడవకుండా
నువ్వు నోరు మూసినావు."

పైకొచ్చి చూరు చూపించాడు.
ధార సరిగ్గా మగ్గం గోడ మొదట్లో పడి
తవ్వుకున్న పల్లం.
ఆ పల్లం నాకు తెలుసు,
కోడిపిల్లలు అందులో నీళ్ళు తాగుతాయి.
అదే నా గుంటకి తలుపని తెలీదు.

గొట్టం నిలువునా చీల్చి చూరు కింద కాలవ కట్టాం.
పల్లంలో మన్ను పోసి దిమ్మిసా కొట్టి
వీధి వైపు వాలు పెట్టాం.
"బెత్తెడు సాలు. నీరు బద్దకపుది.
దారిస్తే ఎల్పోతాది."

అప్పుడు దిగాడు లోపలికి.
బీటని ఉలితో ఇంకా వెడల్పు చేశాడు.
బాగు చెయ్యడానికొచ్చినవాడు అలా కొడుతుంటే
నా మోకాళ్ళు నొప్పెట్టాయి.
బీట పూడ్చాక, నేలా గోడా కలిసే చోట
మూలన్నది లేకుండా
కుండ అడుగులా గుండ్రం తీశాడు.
"మూల కనబడితే నీరు కాపరం పెట్టెత్తాది."
పూత రెండుసార్లు,
ఒకటి నిలువుగా, అది ఆరాక ఒకటి అడ్డంగా.
"పడుగూ పేకా" అన్నాను.
"నీకన్నీ అవే" అన్నాడు.

ఇక ఏడు రోజులు తడపాలట.
నీరు రాకుండా చెయ్యమంటే
నన్నే నీరు పొయ్యమంటాడు.
గోనె కప్పి పోశాను, పూటకోసారి,
పసిపిల్లకి పోసినట్టు.

నవంబరులో తుఫాను రెండు రాత్రులుంది.
నడిరాత్రి టార్చి వేసుకుని వెళ్ళి
గుంట అడుగున అరచెయ్యి ఆనించాను.
చేతికి దుమ్ము అంటింది.
అలాగే వెళ్ళి పడుకున్నాను, కడుక్కోకుండా.

వాన వెలిసి ఎండ కాసింది.
మగ్గం ఎక్కాను.
నూలు తెగింది.
ముడేశాను. తెగింది.
మధ్యాహ్నానికి తొమ్మిది ముళ్ళు.
ఇన్నేళ్ళూ ఆ గుంట ఊపిరికే
పోగు మెత్తగా ఉండేదని
తిట్టుకుంటున్నప్పుడు ఎవరనుకున్నారు?

చామంతి ఏమీ అనలేదు.
ముంతడు నీళ్ళు తెచ్చి గుంటలో పెట్టబోయింది.
మూల లేదు గదా,
ముంత ఒరిగింది.
పళ్ళరిగిన పాత దవడొకటి వెతికి తెచ్చి
దాని కిందకి ఎగదోసింది.